పదిహేను పైసల ఓటు

బుధవారం రాత్రి ఎనిమిదింటికి తిరుమలాయపాలెంలో మా బాబాయిని ఎవరూ కదిలించకూడదు. అప్పు తీర్చడానికి వచ్చినవాణ్ణి కూడా రేపు రమ్మనేవాడు. పొద్దంతా ఎండలో పెట్టి ప్రాణం పోసిన సెల్లులు ట్రాన్సిస్టర్‌లో వేసి, దాన్ని వేపకొమ్మకు తగిలించి, రేడియో సిలోన్ కోసం ముల్లు తిప్పేవాడు. అమీన్ సయానీ గొంతు చెరువు అవతలి గట్టు నుంచి పిలుస్తున్నట్టు వచ్చేది, పోయేది. నిజాం జమానాలో ఉర్దూలో చదివినవాడు కాబట్టి బాబాయికి అంతా అర్థమయ్యేది. అర్థం కాని మాకు ఆయన ముఖం చూస్తే చాలు, పాట మెట్టు ఎక్కిందో దిగిందో తెలిసిపోయేది.

అమీన్ సయానీ నడిపిన ఆ హిందీ పాటల కార్యక్రమం, గీత్‌మాలా, 1952లో మొదలైంది. సమాచార ప్రసార మంత్రి కేస్కర్‌గారు సినిమా పాటను ఆకాశవాణి గడప తొక్కనివ్వని రోజులవి. పాట ఊరుకుంటుందా, సముద్రం దాటి సిలోన్ నుంచి వినబడింది. ఖర్చు టూత్‌పేస్టు కంపెనీది. బాబాయి మాత్రం కార్యక్రమం వేపచెట్టు కింద విని, తెల్లారి ఆ చెట్టు పుల్లతోనే పళ్లు తోముకునేవాడు.

రికార్డుల షాపుల అమ్మకాలు, శ్రోతల సంఘాల ఓట్లు కలిపి పాటలకు మెట్లు వేసేవారట. మా ఊళ్లో అమ్ముడైన రికార్డులు సున్నా. ఓట్లన్నా ఉండాలని బాబాయి ఓ సంఘం పెట్టాడు. సభ్యులు ఏడుగురు, రాత వచ్చినవాళ్లు ఇద్దరు. అందుకని ఒక కార్డు కుడిచేత్తో, ఒకటి ఎడమచేత్తో రాసేవాడు.

మొదటి కార్డులోనే తగాదా పెట్టుకున్నాడు. “మరిపెడ దాటితే చిన్నగూడూరు. అక్కడి దాశరథి గాలిబునే తెలుగు చేసినోడు. అసుంటాయన పాట మీ మెట్ల దగ్గరికన్నా రాదేంది?” అన్నది దాని సారాంశం, మంచి ఉర్దూలో. మెట్లు హిందీ పాటలవని మేము చెబితే, “దేశమంటే బొంబాయేనారా?” అని మామీదికి లేచాడు. జవాబు రాలేదు.

అప్పుడు ఆయన కన్ను ఝుమ్రీ తిలైయా మీద పడింది. అది అభ్రకం గనులున్న బీహార్ ఊరు, ఇప్పుడు జార్ఖండ్‌లో ఉంది. పాటలు కోరుతూ కార్డుల మీద కార్డులు రాసి, రేడియో ఉన్న ప్రతి ఇంట్లో పేరు మోగించుకుంది. “వాళ్లకు అభ్రకం ఉంటే మనకు మిరపకాయ లేదా!” అన్నాడు బాబాయి. ఈ రెంటికీ పాటతో ఏం సంబంధమో నేనడగలేదు. పదిహేను పైసల కార్డులు కట్టలుగా వచ్చాయి. గీత్‌మాలాను వదిలి, ఇకనుంచి తెలుగు కేంద్రాలకు రాసి తెలుగు పాటలే కోరాలని తీర్మానమైంది.

నాలుగో నెలలో మా పేర్లు చదివారు. ఏ కేంద్రమో చెప్పను. ఏడు పేర్లూ తప్పు లేకుండా చదివి, చివర్లో “తిరుమల నుంచి” అన్నారు. పాలెం గాలికి పోయింది. ఊరంతా రచ్చబండ దగ్గర చేరింది. కొండమీది దేవుడు మన పాట కొట్టేశాడని ఒకడు, ఆయనకు పాటలు తక్కువా అని ఇంకొకడు. బాబాయి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

అసలు మా ఊరి మెట్లు మైక్‌సెట్టువాడి చేతిలో ఉండేవి. వాడి దగ్గర ఏడెనిమిది రికార్డులు, వాటిలో ఒకదానికి గీత పడింది. ముల్లు అక్కడికి రాగానే ఒకే మాట మీద కూర్చునేది. వాడు పెళ్లి భోజనం పంక్తిలో ఉంటే లేపేవాళ్లెవరు? పాయసం అయ్యేదాకా ఆ మాటే వంద సార్లు వినేవాళ్లం. ఇప్పుడు మా మేనల్లుడు ఒకే పాటను ఫోన్లో రాత్రంతా తిప్పి, పొద్దున ఇన్ని లక్షల వ్యూసు వచ్చాయంటాడు. ఆ లెక్కన మా గీత పడ్డ రికార్డును ఇప్పటికీ కొట్టినవాడు లేడు.

2023 మార్చి 13 పొద్దున ఆ మేనల్లుడే ఫోను పట్టుకుని ఉరికొచ్చాడు. ‘నాటు నాటు’కు ఆస్కార్! తొంభైకి దగ్గరపడ్డ బాబాయి మంచంలో లేచి కూర్చున్నాడు.

“ఎవరు రాసింది?”

“చంద్రబోస్, తాతా. మన వరంగల్ దిక్కే, చల్లగరిగె.”

బాబాయి కాసేపు ఆలోచించాడు.

“ఊరి పేరు సరిగ్గా చదివిన్రా?”