ముందు ఇంటిపేరు చూడండి

కవి వేరు, కావ్యం వేరా? రెండూ ఒకటేనా? ఈ చర్చలో నెగ్గాలనుకునేవారికి కృష్ణా జిల్లా పామర్రును మించిన తర్ఫీదు స్థలం లేదు. సెంటర్లో నిలబడితే చాలు. బందరు రోడ్డు పట్టుకుంటే విశ్వనాథ సత్యనారాయణ చదువుకుని, పాఠం కూడా చెప్పిన ఊరు. గుడివాడ దాటితే త్రిపురనేని రామస్వామి చౌదరి పుట్టిన అంగలూరు. చల్లపల్లి వైపు వెళ్తే మొవ్వ. క్షేత్రయ్య మావాడే అంటారక్కడ. ఏ దిక్కుకెళ్ళినా తగువే. వాగ్నర్ సంగీతం గురించో, రౌలింగ్ పుస్తకాల గురించో కొట్టుకునే బయటి దేశాలవాళ్ళకు పాపం ఇంత దగ్గర్లో ఇంతమంది దొరకరు.

అసలు సూత్రం ఒకటే. కవి ఇంటిపేరు చూడండి. మనవాడైతే "మనిషి సంగతి మనకెందుకు సార్, రచన చూడండి" అనాలి. అవతలివాడైతే "బుద్ధి ఎలాంటిదో రాత అలాంటిదేగా" అనాలి. ఇంటిపేరుతో తేలకపోతే "వాళ్ళ అమ్మగారిది ఏ ఊరండీ" అని అడగండి. మన జిల్లాలో పెళ్ళిసంబంధానికీ సాహిత్య విమర్శకూ ఈ ఒక్క ప్రశ్నే సరిపోతుంది.

పొరపాటున కూడా పుస్తకం చదవకండి. విశ్వనాథ నవల వేయిపడగలు వర్ణవ్యవస్థను వెనకేసుకొచ్చిందని దుమ్మెత్తిపోయడానికి కూర్చున్నారనుకోండి. చదివితే గిరిక దగ్గర ఇరుక్కుపోతారు. వేణుగోపాలస్వామికే తనను ఇచ్చేసుకున్న ఆ దేవదాసి పిల్ల గొంతులో అడ్డం పడుతుంది. ఆ వ్యవస్థను మెచ్చుకున్న చెయ్యే ఈ పిల్లనూ పుట్టించిందని ఒప్పుకోవాల్సొస్తుంది. టీవీవాళ్ళిచ్చే రెండు నిమిషాల్లో అది చెప్పడం ఎవరితరం? ఆయన భక్తులకూ ఇదే ప్రమాదం. చదివితే ఆ వాదన నిజంగానే అందులో ఉందని తెలిసిపోతుంది. అందుకని వాళ్ళు "1970 జ్ఞానపీఠం!" అని గట్టిగా అని ఊరుకుంటే మేలు. (అది రామాయణ కల్పవృక్షానికి కదా అని ఎవరైనా గొణిగితే వినబడనట్టు ఉండాలి.)

రామస్వామి చౌదరి దగ్గర వేరే జాగ్రత్త కావాలి. డబ్లిన్‌లో బారిస్టరీ చదివొచ్చిన హేతువాది, పురాణాలను చీల్చి చెండాడిన మనిషి, పెళ్ళిమంత్రాలు తెలుగులో ఉండాలని వివాహవిధి రాసిన మనిషి. ఇంతవరకు చెప్పి ఆపండి. సూతపురాణం పద్యకావ్యమన్న మాట రానివ్వకండి. పద్యమంటే పాతచింతకాయ పచ్చడి అనే అభిమానులూ, పద్యం మా తాతల సొత్తు అనే శత్రువులూ ఇద్దరూ నొచ్చుకుంటారు. ఆయన కొడుకు గోపీచంద్ మరీ చిక్కు. ఎందుకని అడగడం నేర్పిన తండ్రికి నవల అంకితమిచ్చి, తర్వాత అరవిందుల వైపు మళ్ళాడు. చలమూ అంతే, మైదానం రాసినాయనే 1950లో అరుణాచలం చేరాడు. ఇలాంటివాళ్ళను మనకు కలిసొచ్చే ఏడాది దగ్గర ఆపేయాలి. ఆ తర్వాత వాళ్ళు బతకనే లేదన్నట్టు మాట్లాడాలి.

ఇక మొవ్వ. క్షేత్రయ్య పదాల్లో వేడి ఎక్కువైన చోటల్లా జీవాత్మ, పరమాత్మ అనేయండి. స్వామి విటుడై గుమ్మంలోకొస్తే నాయిక సొమ్ము సంగతి తేల్చుకునే పదాలున్నాయి. కంగారుపడకండి. సొమ్మంటే భక్తి.

ఈ సదుపాయం మగకవులకే. రాసింది ఆడదైతే ఇంటిపేరు కూడా చూడక్కర్లేదు, వృత్తి చూస్తే చాలు. తంజావూరులో ప్రతాపసింహుడి కొలువులో ఉన్న ముద్దుపళని రాధికాసాంత్వనం రాసింది. అదే రాధ, అదే కృష్ణుడు, అదే శృంగారం. వీరేశలింగం పంతులుగారికి మాత్రం అందులో పరమాత్మ కనపడలేదు, రాసినామె వేశ్య అన్నదే కనపడింది. విడదీసే విద్య నేర్చుకోవాలంటే 1887లో అచ్చయిన ప్రతి దొరికించుకోండి. ముద్దుపళని కావ్యంలో తన ఇంటి ఆడవాళ్ళ వరసలో తన వంశం చెప్పుకుంది. అచ్చువేసినవారు ఆ భాగం తీసేశారు, కొన్ని పద్యాలూ తీసేశారు. రచయిత్రిని కావ్యం నుంచి వేరుచేయడమంటే అదీ. కత్తెరతో పని, సిద్ధాంతంతో పని లేదు.

గాయని బెంగుళూరు నాగరత్నమ్మ ఆ పని చెడగొట్టింది. తాళపత్రం సంపాదించి, పోయిన పద్యాలన్నీ చేర్చి 1910లో పూర్తి కావ్యం అచ్చువేసింది. తెల్లదొరల ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. ప్రకాశం పంతులు మద్రాసు ప్రధాని అయ్యాకగానీ ఆ నిషేధం పోలేదు. ఆమె ముందుమాట జోలికి మాత్రం వెళ్ళకండి. సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు ఉండక్కర్లేదా అని అడుగుతుంది. వీరేశలింగం పంతులుగారే పరిష్కరించి అచ్చుకిచ్చిన శృంగారకావ్యం వైజయంతీవిలాసం సంగతేమిటని కూడా అడుగుతుంది. చర్చలో మీ ఎదుటివాళ్ళు ఆ పుస్తకం తెరిచి ఆ పేజీ చదవడం మొదలుపెడితే, యాంకర్ వైపు తిరిగి బ్రేక్ అడగండి.