ప్రశాంతతకు పుట్టిన తేదీ

హైదరాబాద్ నుంచి కార్లేసుకొని వచ్చే వారాంతపు యాత్రికులు మా బోధన్‌ను కొత్తగా కనిపెడుతుంటారు. పదహారు మహాజనపదాల్లో ఒకటైన అశ్మకానికి రాజధాని పోదనం ఇదేనని చాలామంది చరిత్రకారులు అంటారు. అయితేనేం, డ్రోన్ ఎగిరేదాకా ఊరు పుట్టనట్టే లెక్క. ఆ డ్రోన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ చిమ్నీ చుట్టూ ఓ ప్రదక్షిణ చేస్తుంది. వెనకాల వేణువు మోగుతుంది. ఆపైన గొంతు అందుకుంటుంది: "కాలం ఆగిపోయిన ఊరు ఫ్రెండ్స్! ట్రాఫిక్ లేదు, పొగ లేదు, పరుగు లేదు. ఎంత ప్రశాంతంగా ఉందో చూశారా?"

చూశాం ఫ్రెండ్. ఆ ప్రశాంతతకు పుట్టిన తేదీ కూడా ఉంది. 2015 డిసెంబర్ 23న ఆ ఫ్యాక్టరీని నడిపే నిజాం దక్కన్ షుగర్స్‌లో లేఆఫ్ ప్రకటించారు. బోధన్‌తో పాటు మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట ఫ్యాక్టరీకి, మెదక్ దగ్గరి మంబోజిపల్లి ఫ్యాక్టరీకి కూడా అదే దెబ్బకు ప్రశాంతత ప్రాప్తించింది.

కాలం దానంతటది ఆగదు, ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. ఏడో నిజాం హయాంలో 1937లో మొదలై, ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు పేరుమోసిన ఫ్యాక్టరీ మాది. 2002లో ఇందులో 51 శాతం వాటాను డెల్టా పేపర్ మిల్స్ చేతిలో పెట్టారు. పంచదార ఫ్యాక్టరీని కాగితం కంపెనీకి అప్పజెప్పాక చివరికి కాగితాలే మిగలడంలో వింతేముంది?

"స్వచ్ఛమైన గాలి" అని కూడా మెచ్చుకుంటారు. క్రషింగ్ సీజన్‌లో మొలాసిస్ వాసన ముక్కులు బద్దలు కొట్టేది. ఆ వాసన వచ్చినన్నాళ్లూ కిరాణా కొట్టులో ఖాతా నడిచేది. ఇప్పుడు గాలి శుభ్రం, ఖాతా కూడా శుభ్రం.

ఇక "కనుచూపు మేర పచ్చదనం". నిజమే, 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు, ఆ నీళ్లకు వరి. కానీ చెరుకు ఎందుకు తగ్గిందో ఆ పచ్చదనాన్ని అడగరు. కోసిన చెరుకు గంటగంటకూ తూకం తగ్గుతుంది, తీపి తగ్గుతుంది. ఒకటి రెండు రోజుల్లో గానుగలో పడకపోతే రైతు మోసేది వట్టి కట్టెలే. అందుకే ఫ్యాక్టరీ పొలానికి దగ్గర్లో ఉండాలి. దగ్గరున్నది మూతబడేసరికి చెరుకు లోడు కామారెడ్డి వైపు ఫ్యాక్టరీల దారి పట్టింది. కిరాయి గిట్టనివాడు చెరుకు మాని నాటు వేశాడు. కెమెరాకు మాత్రం అది ప్రకృతి సౌందర్యం.

ఈ వీడియోల్లో తప్పనిసరి పాత్ర ఒకటుంటుంది: చాయ్ హోటల్ బల్ల మీద కూర్చున్న పాత కార్మికుడు.

"తాతా, ఇక్కడ లైఫ్ ఎంత సింపుల్‌గా ఉంది కదా!"

"సింపులే బిడ్డా. జీతమే లేకపాయె, ఖర్చేం జేస్తం? పెద్దోడు దుబాయ్‌ల ఉన్నడు. చిన్నోడు మీ హైద్రాబాద్‌లనే సెక్యూరిటీ జేస్తుండు. మీ అపార్ట్‌మెంట్‌లనేమో, ఓపాలి అడుగరాదు!"

ఎడిటింగ్‌లో మిగిలేది "సింపులే బిడ్డా" ఒక్కటే. దాని పక్కన రెండు ఎర్ర గుండెలు.

పేదరికాన్ని ఫ్రేములో బిగించే ఈ విద్య మనవాళ్లు కనిపెట్టింది కాదు. అమెరికాలో అపలాచియన్ కొండల బొగ్గు ఊళ్లు దీన్ని ఎప్పుడో అనుభవించాయి. 1964 ఏప్రిల్‌లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కెంటకీలోని ఇనెజ్ దగ్గర ఓ పేదవాడి ఇంటి వరండాలో కూర్చున్నాడు, ఫొటోలు దేశమంతా తిరిగాయి. ఆరు దశాబ్దాలైనా ఆ ప్రాంతాన్ని పేదరికం వదల్లేదు. 1967లో అదే కెంటకీలో, అద్దె ఇంటి ముందు ఓ గని కార్మికుణ్ని చిత్రీకరిస్తున్న కెనడా దర్శకుణ్ని ఆ ఇంటి యజమాని కాల్చి చంపాడు. మావాళ్లు మర్యాదస్తులు, కెమెరా పట్టుకొచ్చినా చాయ్ తాగించి పంపుతారు.

పాపం, రీళ్ల పిల్లల్ని మాత్రమే ఆడిపోసుకోవడం న్యాయం కాదు. ఖద్దరు యాత్రికులూ ఉన్నారు. వీళ్లది ఎన్నికల సీజన్. గేటు ముందు నిలబడి, చిమ్నీ ఫ్రేములో పడేలా మెడ తిప్పి, "తెరిపిస్తాం" అంటారు. ఒక ప్రభుత్వం శాసనసభా సంఘం వేసింది. ఇంకోటి మహారాష్ట్ర తరహాలో రైతులే సహకార సంఘంగా నడుపుకోవాలంది. వ్యవహారం కంపెనీ లా ట్రైబ్యునల్ గడపెక్కి లిక్విడేషన్ దాకా పోయింది. 2024 జనవరిలో మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన మరో కమిటీ వచ్చింది. గానుగ ఆగింది గానీ కమిటీలు ఆడుతూనే ఉన్నాయి. ఆ నివేదికలన్నీ బాయిలర్‌లో వేస్తే పిప్పి అవసరం లేకుండా ఓ పూట ఆవిరి పుట్టేది.

రావద్దని ఎవరూ అనరు. మా ఊళ్లో గుడిగా పుట్టి మసీదుగా మారిన దేవల్ మసీదు స్తంభాలు చూడండి. నిజామాబాద్‌లో ఖిల్లా ఎక్కండి. నిజాం అక్కడి జైల్లో పెడితే కవి దాశరథి గోడల మీద బొగ్గుతో కవిత్వం రాశాడు. చుట్టూ ఎంత నిశ్శబ్దం ఉన్నా, ఆ చోటు ప్రశాంతంగా ఉందని మాత్రం ఆయన రాయలేదు. నోరు నొక్కితే వచ్చే నిశ్శబ్దానికీ, కడుపు నిండితే వచ్చే నిశ్శబ్దానికీ తేడా తెలిసినవాడు.

అప్పటికీ మా ఊరు అంతగా మనసు దోచితే, "రిటైరయ్యాక ఇక్కడే సెటిలవ్వాలి" అని వీడియో చివర నిట్టూర్చడం దేనికి? రేపే వచ్చేయండి. అద్దెలు తక్కువ, గాలి శుభ్రం, ట్రాఫిక్ సున్నా. ఇక్కడ పనేం దొరుకుతుందంటారా? పదేళ్లుగా మేమూ అదే అడుగుతున్నాం.