సంప్రదించబడుదురు: 'చార్జీవని' అను వ్యాఖ్యతో

మూలం

ప్రియమైన వినియోగదారుడా! మీ భద్రతే మా ప్రథమ ప్రాధాన్యత. అత్యంత ముందుజాగ్రత్త చర్యగా మీ వాహనములోని విద్యుత్ భాగము స్వచ్ఛందముగా, ఉచితముగా మార్చబడును. విడిభాగము లభ్యతను బట్టి త్వరలో మీరు సంప్రదించబడుదురు. అంతవరకు వాహనమును ఇంటిలోపల చార్జింగు చేయరాదు. కలిగిన అసౌకర్యమునకు చింతిస్తున్నాము.

అవతారిక

ఇది వచన కావ్యం. కర్త అజ్ఞాతుడు. ఫోనులోకి ఏవో పొడి అక్షరాల పేరుతో వచ్చాడు. తిరిగి పిలుద్దామంటే ఆ పేరుకు నంబరు లేదు. రచనా కాలం గడిచిన వైశాఖం, ఎండ మాడుతున్న మధ్యాహ్నం. స్థలం బాన్సువాడ, మా ఇంటి వరండా. నాయకుడు మా పెద్దోడు నిజామాబాద్‌లో కిస్తుల మీద కొన్న ఎలక్ట్రిక్ స్కూటర్. కంపెనీ పేరు చెప్పను, రోగలక్షణాలు చాలు. చినుకు పడితే మీటరు ఆరిపోతుంది. మీటరు ఆరిన కాసేపటికి మోటారు ఆగిపోతుంది. వర్ని తొవ్వలో రెండుసార్లు, బీర్కూరు తొవ్వలో ఒకసారి, వెనక లారీ వస్తుండగా ఆగింది. ఇప్పుడు కార్తికం. ఆరు నెలలుగా ఇంటిల్లిపాదీ ఈ అయిదు వాక్యాలనే పారాయణ చేస్తున్నాం. ఇంతగా చదివిన గ్రంథానికి వ్యాఖ్య లేకపోవడం లోటని, బడిలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ని గనుక, ఈ పనికి పూనుకున్నాను.

వ్యాఖ్య

ప్రియమైన: స్పష్టం.

వినియోగదారుడా: బండి మా కోడలి పేరున ఉంది. లింగవ్యత్యయం. కవిసమయం అనుకుని ముందుకు పోదాం.

మీ భద్రతే మా ప్రథమ ప్రాధాన్యత: ప్రధానమైనదాని భావం ప్రాధాన్యం. దానికి మళ్ళీ 'త' తగిలిస్తే భావం మీద భావం ఎక్కుతుంది. ముప్పై ఏళ్ళు ఎర్ర సిరాతో కొట్టేసిన తప్పు ఇది. చేత తక్కువైనచోట భావప్రత్యయాలు ఇట్లాగే పేరుకుంటాయి. పైగా 'ప్రథమ' అట. మొదటిదే ఆరు నెలలుగా కదలకపోతే రెండోది ఏ గతిలో ఉందో ఊహించుకోవాలి.

విద్యుత్ భాగము: ఏ భాగం? షోరూముకు పోయి అడిగాను. కౌంటరు దగ్గరి పిల్లవాడు, "వైరింగ్ కావొచ్చు సార్, కంట్రోలర్ గూడ కావొచ్చు. పైనుంచి మెయిల్ రాలే" అన్నాడు. అంతలో మేనేజరు లోపలి నుంచి వచ్చి, పదిహేను రోజుల్లో పార్టు వచ్చి తీరుతుందని ఘంటాపథంగా చెప్పాడు.

ఇక్కడ ఆగాలి. ఘంటాపథం అంటే ఏమిటి? మేనేజరుకు తెలియదు, తప్పు లేదు, చెప్పేవాళ్ళలో చాలామందికి తెలియదు. అది ఒక రోడ్డు. మెడలో గంటలు కట్టిన ఏనుగులు నడిచిపోయేంత వెడల్పైన రాజమార్గం. అమరకోశం దాన్ని బాటల జాబితాలోనే పెట్టింది. భారవి కిరాతార్జునీయానికి రాసిన వ్యాఖ్యకు మల్లినాథసూరి ఈ పేరు పెట్టాడు. భారవి మాట కొబ్బరికాయ లాంటిదని, పైన పెంకు, లోపల తీపి అని ఆయన అభిప్రాయం. అంత గట్టి కావ్యంలోకి నేను ఏనుగులు పోయే బాట వేశాను, మీరు భయం లేకుండా నడవండి అని ఆ పేరుకు అర్థం. అది పాఠకుడికి ఇచ్చిన మాట. తెలుగువాళ్ళం ఆ బాటను తెచ్చి నోట్లో పెట్టుకున్నాం. నలుగురూ తిరిగే దారిలో నిలబడి అన్నట్టు బాహాటంగా అనడం ఘంటాపథంగా చెప్పడమైంది. క్రమంగా బాట పోయింది, గంట మిగిలింది.

మల్లినాథుడు మాకు పరాయివాడు కాడు. మంజీర మా వైపు రాకముందు మెదక్ సీమ మీదుగా వస్తుంది. ఆ సీమలోని కొల్చారమే ఆయన ఇంటిపేరులోని కోలాచలమని పండితులు చెబుతారు. అంటే ఆయనా మేమూ ఒకే ఏటి నీళ్ళవాళ్ళం. ఆయన ఎగువ, మేము దిగువ. కాళిదాసు కావ్యాలకు ఆయన వ్యాఖ్య పేరు సంజీవని. చెడ్డ వ్యాఖ్యల విషం ఎక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందట. దాన్ని లేపి కూర్చోబెట్టడానికి ఈ మందు అన్నాడు. మాఘుడి కావ్యానికి సర్వంకష, నైషధానికి జీవాతువు. ఆ పేర్లు చూడండి: ఒకటి ప్రాణం పోస్తుంది, ఒకటి బాట వేస్తుంది, ఒకటి అంతటినీ ఒరిపిడి పెట్టి చూస్తుంది. ఆధారం లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను అని ఆయన నియమం. మొదటి సగం నేనూ పాటిస్తున్నాను. రెండో సగం పాటించి ఉంటే ఈ రెండు పేరాలు ఉండేవి కావు. అయినా ఒక్క ముక్క చెప్పి ముగిస్తాను. వ్యాఖ్యాత పని చిక్కుముడి విప్పడం. చిక్కు వేసినవాడు కవి అయితే ఆ పనిలో ఆనందం ఉంది. వేసినవాడు కస్టమర్ కేర్ అయితే...

మనం స్కూటర్ సంగతి కదా మాట్లాడుకుంటున్నాం. అది వరండాలో మూర్ఛలోనే ఉంది.

స్వచ్ఛందముగా: తనంత తానుగా, ఒకరు చెప్పకుండా. వినసొంపైన మాట. కాని దీనికి ధర ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110-ఏ అనే సెక్షన్ చేర్చారు. లోపమున్న బండ్లను వెనక్కి పిలిపించమని కంపెనీని ఆదేశించే అధికారం దానితో కేంద్రానికి వచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి నియమాలు అమల్లోకి వచ్చాయి. జరిమానా కోటి రూపాయల దాకా పోవచ్చు. అయితే లోపాన్ని కంపెనీయే కనిపెట్టి, ప్రభుత్వానికి తెలిపి, బండ్లను తానే పిలిపిస్తే జరిమానా లేదు. కనుక 'స్వచ్ఛందముగా' అనే క్రియావిశేషణం వెల కోటి రూపాయల దాకా ఉండవచ్చు. తెలుగులో ఇంత ఖరీదైన క్రియావిశేషణం నాకు మరొకటి తెలియదు.

అదే సెక్షన్‌లో ఇంకో చమత్కారం ఉంది. వెనక్కి పిలిచిన బండికి పూర్తి డబ్బులన్నా తిరిగి ఇవ్వాలి, లేదా మరో బండి ఇవ్వాలి, లేదా బాగుచేయాలి. దీన్ని మీమాంసకులు వికల్పం అంటారు. యాగంలో వడ్లతోనైనా హోమం చేయవచ్చు, యవలతోనైనా చేయవచ్చు అన్నట్టు. మా నిజాంసాగర్ ఆయకట్టులో వడ్లకు కొదవ లేదు గాని, ఈ వికల్పం అంటేనే మీమాంసకులకు గిట్టదు. దానికి ఎనిమిది దోషాలు లెక్కపెట్టి, వేరే దారి లేనప్పుడే ఒప్పుకోవాలన్నారు. తొమ్మిదో దోషం వాళ్ళకు తట్టలేదు. యాగంలో ఏది వాడాలో ఎంచుకునేది యజమాని. ఇక్కడ యజమాని మా కోడలు, ఆర్సీ మీద పేరుంది. ఎంపిక మాత్రం, ఆ వాక్యాన్ని నేను చదివినంతలో, కంపెనీది. మూడింటిలో ఏది చవకో అదే హోమద్రవ్యం.

ఉచితముగా: సంస్కృతంలో తగినది, తెలుగులో పైసలు లేనిది. రెండర్థాలూ ఇక్కడ చెల్లవు. రెండుసార్లు ట్రాలీ ఆటోలో బండిని నిజామాబాద్ పంపి, రెండుసార్లు "పార్టు రాలే, తర్వాత రండి" అనిపించుకుని తెచ్చుకున్నాం. ఆ కిరాయి ఉచితంలో చేరదట.

మార్చబడును: చిన్నయసూరి బాలవ్యాకరణం 1858 నాటిది. అది చదివి బడికొచ్చినవాణ్ని కనుక ఇక్కడ నాకు కొంచెం ఎక్కువ చోటు కావాలి. 'మార్చన్' మీద 'పడు' ధాతువు చేరి, ద్రుతం మీది పరుషం సరళమై 'బడు' అయింది. అంటే ఈ మాట లోపల పడిపోవడం ఉంది. ఏది పడింది? కర్త పడిపోయాడు. 'మారుస్తాం' అంటే ఎవరని అడగవచ్చు. 'మార్చబడును' అంటే ఎవరిని అడగాలి? వాన పడును, పిడుగు పడును, పార్టు మార్చబడును. అన్నీ దైవాధీనాలు.

ఈ 'బడు' ఒక్కచోట ఆగదు. ఫిర్యాదు చేస్తే 'టికెట్' ఇస్తారు. బాన్సువాడ డిపోలో టికెట్ కొంటే ఆలస్యంగానైనా బస్సు కదులుతుంది. ఈ టికెట్ వారం తిరక్కుండా 'పరిష్కరించబడినది' అని ముగిసిపోతుంది, బండి ఉన్నచోటనే ఉంటుంది. ఇది మా ఇంటి గోడు మాత్రమే కాదు. 2023 సెప్టెంబరు నుంచి 2024 ఆగస్టు దాకా ఓలా ఎలక్ట్రిక్ మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు 10,644 ఫిర్యాదులు వచ్చాయి. సర్వీసు ఆలస్యం మీదనే 3,364. అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటీసు ఇస్తే, 99.1 శాతం పరిష్కరించామని కంపెనీ జవాబు చెప్పింది. సంస్థ ఆ మాటతో సరిపెట్టుకోక లోతుగా దర్యాప్తు చేయమంది. 'పరిష్కారం' అనే మాటకు ఎవరి నిఘంటువు చూడాలన్నదే అసలు పేచీ.

విడిభాగము లభ్యతను బట్టి: లేకపోవడం నాలుగు రకాలని తార్కికులు చెప్పారు. కుండ పుట్టకముందు కుండ లేకపోవడం ప్రాగభావం. దానికి మొదలు లేదు, తుది ఉంది. ఎప్పుడూ ఎక్కడా లేకపోవడం అత్యంతాభావం; దానికి తుది కూడా లేదు. పార్టు లేకపోవడం ప్రాగభావమని కంపెనీ వాదం. ఆరు నెలలయ్యాక అత్యంతాభావమేమోనని మా అనుమానం. 'అత్యంత ముందుజాగ్రత్త'లోని అత్యంతం ఇక్కడ అన్వయించుకోవాలి కాబోలు.

త్వరలో: తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడేనని చెబుతారు. మాటలు వాక్యం కావాలంటే దగ్గరదగ్గరగా పలకాలని ఆయన నియమం. ఇప్పుడు "ఆవును" అని, జాము గడిచాక తక్కిన మాట పలికితే అది వాక్యం కాదు. వైశాఖంలో "పార్టు" అన్నారు. "వచ్చింది" ఇంకా అనలేదు. కనుక శాస్త్రప్రకారం కంపెనీ మాతో ఇంతవరకు ఒక్క వాక్యమూ మాట్లాడలేదు. బ్యాంకు మాత్రం మాట్లాడుతుంది. నెలనెలా అయిదో తారీఖున, ఒక్క రోజు తప్పకుండా, పూర్తి వాక్యంలో.

సంప్రదించబడుదురు: నన్ను ఎవరో సంప్రదిస్తారు అని కాదు, నేను సంప్రదించబడతాను. స్పష్టం. మింగుడుపడదు గాని స్పష్టం.

ఇంటిలోపల చార్జింగు చేయరాదు: మా వరండా ఇంటి లోపలా, బయటా? గడప మీద పెట్టిన దీపం లోపలికీ బయటికీ వెలుగునిస్తుందని ఒక న్యాయం ఉంది, దేహళీదీప న్యాయం. పాఠం చెప్పేటప్పుడు మహా ఇష్టంగా చెప్పేవాణ్ని. నిప్పుకూ అదే న్యాయమని అప్పుడు తట్టలేదు.

2022 ఏప్రిల్‌లో, మేము బండి కొన్న నిజామాబాద్‌లోనే, ఒక ఇంట్లో రాత్రి చార్జింగుకు పెట్టిన స్కూటర్ బ్యాటరీ తెల్లవారుజామున పేలింది. ఎనభై ఏళ్ళ పెద్దమనిషి పోయాడు. బండి హైదరాబాద్ కంపెనీ ప్యూర్ ఈవీది. ఆ బండి అమ్మకం గాని సర్వీసు గాని తమ రికార్డుల్లో లేదని కంపెనీ అంది. ఆ రోజుల్లోనే 2,000 బండ్లను వెనక్కి పిలుస్తున్నట్టు ప్రకటించింది. ఆ వారంలోనే విజయవాడలో పడకగదిలో చార్జింగుకు పెట్టిన మరో కంపెనీ బ్యాటరీ పేలి ఇంటాయన చనిపోయాడు. ఒకినావా 3,215, ఓలా 1,441 బండ్లను పిలిపించాయి. బ్యాటరీలో ఒక సెల్ అదుపు తప్పి వేడెక్కితే పక్క సెల్‌కు అంటిస్తుంది, అది ఇంకో దానికి. ఆ వేడిని ముందే పసిగట్టి కరెంటు ఆపవలసిన ఏర్పాటు బ్యాటరీలోనే ఉండాలి. కఠినమైన పరీక్షలు 2022 డిసెంబరు 1న కొన్ని, 2023 మార్చి 31న కొన్ని తప్పనిసరి అయ్యాయి. 'ముందుజాగ్రత్త'లోని ముందు దేనికి ముందో ఇప్పుడు చెప్పండి.

మా బండి రోగం బ్యాటరీదో వైరుదో మాకు తెలియదు. ఏ భాగమో మూలకారుడు చెప్పలేదు కదా. అందుకని రాత్రిపూట చార్జింగు పెట్టం. పగలు వేపచెట్టు కింద పెట్టి, నేను కుర్చీ వేసుకుని నాలుగు గంటలు కాపలా కూర్చుంటాను. ఈ వ్యాఖ్యలో చాలా భాగం అక్కడే రాశాను.

అసౌకర్యమునకు: లారీ బ్రేకు వేసిన చప్పుడు మా పెద్దోడికి ఇంకా కలలోకి వస్తుంది. అసౌకర్యమంటే ఇది కాబోలు.

చింతిస్తున్నాము: మొత్తం మూలంలో కంపెనీ తాను చేస్తానని చెప్పిన పని ఇదొక్కటే. పార్టు మార్చబడును, మేము సంప్రదించబడుదుము. చింత మాత్రం స్వయంగా చేస్తారు. చితకూ చింతకూ నడుమ తేడా ఒక్క సున్నేనని పెద్దలు చెప్పేవారు. ఆ సున్న చోటు తప్పకుండా చూసుకునే పని మాకు వదిలేశారు.

తాత్పర్యం

ఏదో ఒక భాగం, ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు మారుస్తారు. అంతవరకు కాపలా మీది, కిస్తు మీది, చింత మాది.

గద్య

ఇది మంజీరా తీరవాసియు, విశ్రాంత తెలుగు పండితుడును, వేపచెట్టు కింది కావలివాడునైన ఒకానొకనిచే విరచితమైన చార్జీవని. సమాప్తం.

అని సంతకం పెట్టి, నిన్న ఇంట్లో చదివి వినిపించాను. మా కోడలు అంతా ఓపిగ్గా విని, "మంచిగుంది మామయ్యా, కానీ గిదంతా వాళ్ళకు సమజైతదా?" అంది. తర్వాత ఫోను తీసుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 వాళ్ళకు తనే ఫిర్యాదు రాసి నాకు చూపించింది.

"మే నెలల పార్టు మారుస్తమని మెసేజ్ ఇచ్చిండ్రు. బండి మూడుసార్లు రోడ్డు మీద ఆగింది. ఇప్పటిదాంక మార్చలే. ఎవరు మారుస్తరు, ఏ తారీఖున మారుస్తరు చెప్పాలె."

బడిలో అయితే 'ఇచ్చిండ్రు'ను, 'మార్చలే'ను ఎర్ర సిరాతో కొట్టేసేవాణ్ని. నిన్న మాత్రం రెండుసార్లు చదివాను. 'ఇచ్చిండ్రు'లోని ఆ చివరి 'ండ్రు' చాలు, ఇచ్చినవాళ్ళు ఎవరో ఉన్నారని చెప్పడానికి. ఒక్క 'బడు' లేదు. కలం మూత పెట్టేసి ఫోను తిరిగి ఇచ్చాను.