విమానకాల సూత్రమునకు టీకాతాత్పర్యములు

మూలము: హైదరాబాదునుండి విశాఖపట్టణమునకు వాయుదూరము సుమారు 510 కి.మీ.; ప్రయాణకాలము 1 గం. 15 ని.

అవతారిక: సాయంకాలము గోదావరి ఎక్స్‌ప్రెస్సు నెక్కి, కాజీపేట, బెజవాడల మీదుగా సుమారు 700 కి.మీ. రైలుమార్గమును పండ్రెండు గంటలకు పైగా గడపి, వేకువజామున వాల్తేరు చేరెడి పూర్వాచారమునందు విసుగు జనించి, ఆకాశమార్గమున విముక్తిని గోరు జిజ్ఞాసువు నుద్దేశించి సూత్రకారుడు పలుకుచున్నాడు.

ప్రతిపదార్థము: హైదరాబాదునుండి = నగరమునుండి గాక, శంషాబాదునుండి; విశాఖపట్టణమునకు = సముద్రతీరమునకు గాక, నౌకాదళమువారి డేగా స్థావరమందలి రన్‌వేకు; వాయుదూరము = భూగోళముపై ఆ రెండు స్థలముల నడుమ మహావృత్తము వెంట గొలిచిన కనిష్ఠదూరము; ప్రయాణకాలము = విమానచక్రములకు బెట్టిన అడ్డుదిమ్మలను తీసిన క్షణము మొదలు, గమ్యమున వానిని మరల బెట్టువఱకు గల కాలము.

శంక: గంటకు 800 కి.మీ. పోగల జెట్టునకు ఈ దూరము నలువది నిమిషముల పనియైనను గాదు; మిగిలిన అరగంటకు పైబడిన కాలమును భక్షించినవారెవ్వరు?

సమాధానము: ఆ వేగము నడిమింటి వేగమేకాని, నేలపై మెల్లగా రన్‌వే కొసకు జరుగునప్పటిది గాదు, ముందు విమానము లేచువఱకు వేచియుండునప్పటిది గాదు, మీదికెక్కునప్పటిదియు క్రిందికి దిగునప్పటిదియు నంతకంటె గాదు. మఱియు గాలికెదురుగా లేచుట శాస్త్రము గనుక, శంషాబాదు రన్‌వే తూర్పుపడమరలుగా నున్నది గనుక, వానకాలమున పడమటిగాలి వీచునాడు తూర్పునకు బోవలసిన విమానము పడమటికే లేచి వెనుదిరుగవలసివచ్చును. ఇవిగాక, కొంత జాగైనను సకాలమున జేర్చితిమని చెప్పుకొనుటకై విమానసంస్థలు ముందుచూపుతో జేర్చు నిమిషములును గలవు.

మతభేదము: 2008 మార్చి వఱకు ఊరినడుమనున్న బేగంపేటలో విమానమెక్కిన ప్రాచీనులు ఈ సూత్రమును దాదాపు యథార్థముగానే గ్రహించిరి. నవ్యులకట్లు పొసగదు, ఏలయనిన ఆకాశమున దూరము మాఱకున్నను, నేలమీది దూరము పెరిగినది. చెక్-ఇన్ కౌంటరు సాధారణముగా గంట ముందే మూతబడును. భద్రతా తనిఖీ వరుస, దిగినపిదప పెట్టెలకై నిరీక్షణము, టాక్సీవానితో బేరము, ఇవి యన్నియు సూత్రమున అనుక్తములు.

అలంకారము: చదువువానికి స్వభావోక్తి, ఇల్లు కదలినవానికి అతిశయోక్తి.

తాత్పర్యము: గంటంబావు విమానముయొక్క ప్రయాణమేకాని మనది గాదు, గడపనుండి గడపకు నాలుగైదు గంటలు పట్టును. రైలుతో బోల్చిన ఇదియు లాభమే యగుటచే సూత్రమును నిందింప బనిలేదు, నమ్మి మోసపోకున్న జాలును. విశాఖలో పదిగంటల ముహూర్తమునకై హైదరాబాదున ఎనిమిదింటికి ఇల్లు కదలువాడు తలంబ్రాలను జూడజాలడు. పంక్తిభోజనమునకు మాత్రము తప్పక అందుకొనును.