మఠలేఖకుని 1066

మధ్యయుగపు ఇంగ్లండులో పెద్ద మఠములు పెక్కింటను, బాతు ఈకను చెక్కుకొని, చర్మపత్రమును ముందిడుకొని, ఏటేటి లోకవృత్తాంతమును లిఖించు సన్న్యాసి యొకడుండెడివాడు. ఈ మహానుభావుని లోకము మఠప్రాకారముతో మొదలై ఆ ప్రాకారముతోనే ముగియును. ఆవలి సంగతులలో రాజుల చావులు, తోకచుక్కలు, కఱవులు మాత్రమే, అవియును మఠపు ధాన్యపుకొట్టునకు ముప్పు తెచ్చునట్టివైనచో మఱింత స్పష్టముగా, ఆయన కంటబడును. జననములా? ఊయలలోని శిశువు పెరిగి మఠమునకు మాన్యమిచ్చునో, ఉన్న మాన్యమును లాగికొనునో తేలువఱకు ఆయన కలము కదలదు.

1066 ఏ లేఖకునికైనను నోరూరించు సంవత్సరము. జనవరి 5న ఎడ్వర్డు రాజు గతించెను. మఱునాడే ఆయనకు సమాధియు, హెరాల్డునకు పట్టాభిషేకమును జరిగెను. ఏప్రిల్‌లో తోకచుక్క పొడచూపి ఏడు రాత్రులు వెలిగెను. (దానిని చూచి హడలిన వారిలో మామ్స్‌బరి మఠపు వృద్ధుడు ఐల్మర్ ఒకడు. ఈయన పడుచుతనమున రెక్కలు కట్టుకొని గోపురము మీదినుండి దూకి, కొంతదూరము ఎగిరి, కాళ్లు విఱుగగొట్టుకొని, తోక కట్టుకొనకపోవుటయే లోపమని తేల్చినవాడు. తనకు లేకపోయిన తోక ఆ చుక్కకు అంత పొడవున ఉండుట చూచి ఏమనుకొనెనో!) సెప్టెంబరు 25న స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జివద్ద నార్వేరాజును, అక్టోబరు 14న హేస్టింగ్సు సమీపమున హెరాల్డును కూలిరి, క్రిస్మస్ నాడు నార్మండీ విలియము కిరీటము ధరించెను. ఇందఱు రాజులను, ఇంత నెత్తురును పీటర్‌బరో మఠపు లేఖకుడు కొద్ది వాక్యములలో మూటగట్టి యొకమూల పడవైచెను.

తరువాత గదా ఆయనకు ఊపిరి వచ్చినది! ఆ హేస్టింగ్సు యుద్ధయాత్రకు తమ మఠాధిపతి లియోఫ్రిక్ కూడ వెడలెనట; అచట జబ్బుపడి, ఇల్లు చేరి, సర్వసాధువుల పండుగ ముందునాటి రాత్రి కన్నుమూసెనట. ఆయన యుండగా మఠము బంగారుపట్టణమై వెలిగెననియు, ఆయనతో సౌఖ్యమంతయు పోయెననియు లేఖకుడు కుమిలి కుమిలి వ్రాయును. సన్న్యాసులు బ్రాండు అనువానిని అధిపతిగా ఎన్నుకొని, ఆమోదమునకై బాలుడగు ఎడ్గార్ రాకుమారుని యొద్దకు పంపిరి. కాబోవు రాజు అతడే యని లోకులనుకొనుచుండిరి మఱి! అయినవాడు విలియము. సంగతి చెవిని బడినంతనే ఆయన మండిపడెను. పెద్దమనుషులు నడుమ దూరి రాజీ కుదిర్చిరి. మఠము 40 మార్కుల బంగారము చెల్లించుకొనెను.

హేస్టింగ్సులో ఎందఱు చచ్చిరో ఆ పీటర్‌బరో లేఖకుని పుస్తకమున వెదకి లాభములేదు. నేడు మనకు దొరకు ప్రతి 1121 ప్రాంతమున ఎత్తివ్రాసినది; అప్పటికి విలియము పోయి ముప్పదియేండ్లు దాటినను, ఎత్తివ్రాసిన సన్న్యాసి ఆ 40 మార్కులలో ఒక్కటైనను తగ్గింపలేదు.