చుక్క మింగిన డాబాగార్డెన్స్

మా అమ్మాయి పెళ్లికి శుభలేఖల జాబితా నేనే తయారుచేస్తానని కోరి నెత్తికెత్తుకున్నాను. ఆరొందల పైచిలుకు లైన్లు. అంతా అయ్యాక మా ఆవిడ వచ్చి, "ఒట్టి శ్రీ ఏమిటండీ, ఆడవాళ్లని పిలవక్కర్లేదా? 'శ్రీమతి & శ్రీ' అని పెట్టండి" అంది.

అదెంత పని! ఎడిటర్‌లో శ్రీ ఉన్నచోటల్లా 'శ్రీమతి & శ్రీ' పెట్టమని చెప్పి రీప్లేస్ ఆల్ నొక్కాను. రెప్పపాటులో మా శ్రీనివాసరావులకి తలా ఇద్దరేసి శ్రీమతులు. అక్కడితో ఆగిందా, శ్రీకాకుళానికీ పెళ్లయిపోయింది: 'శ్రీమతి & శ్రీకాకుళం'. మా మేనత్త ఏకంగా 'శ్రీమతి & శ్రీమతి' అయి కూర్చుంది.

మేనల్లుడికి ఫోన్ చేశాను. "మావయ్యా, ముందు కంట్రోల్ జెడ్ కొట్టు. తర్వాత రెగెక్స్ నేర్చుకో" అన్నాడు. రెగెక్స్ అంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. ఫలానా మాట వెతుకు అనకుండా, ఫలానా పోలికలో ఉన్నదాన్ని వెతుకు అని చెప్పడం. టోపీ గుర్తు పెడితే లైను మొదలు, డాలర్ పెడితే చివర. టోపీ, శ్రీ, ఒక స్పేసు వరసగా కొట్టేసరికి శ్రీకాకుళం మళ్లీ బ్రహ్మచారి అయింది. నాకు గర్వం తలకెక్కింది.

ఆ ఊపులో డాక్టర్ల మీద పడ్డాను. కొందరికే 'డా.' ఉంటే మిగతావాళ్లు నొచ్చుకుంటారని అన్నీ ఎత్తేశాను. చూద్దును కదా, విశాఖపట్నం డాబాగార్డెన్స్ కాస్తా 'గార్డెన్స్' మిగిలి, దాని ముందు ఓ దీర్ఘం చుక్కల వలయాన్ని పట్టుకుని వేలాడుతోంది. రెగెక్స్‌లో చుక్క అంటే చుక్క కాదట, ఏదైనా ఒక గుర్తు అట. మనకి 'బా' ఒకే అక్షరం. కంప్యూటర్ లెక్కలో బ వేరు, దీర్ఘం వేరు. 'క్షి' అయితే నాలుగు: క, పొల్లు, ష, గుడి. చుక్క బ వరకే మింగి దీర్ఘాన్ని వదిలేసింది. చుక్కకి ముందు వెనక్కి వాలిన గీత పెడితే బుద్ధిగా చుక్కలాగే ఉంటుందని మేనల్లుడు తాపీగా చెప్పాడు.

ఇక నక్షత్రం. తన ముందున్నది ఎన్నిసార్లు వచ్చినా, అసలు రాకపోయినా సరేనంటుంది. దీన్ని క్లేనీ స్టార్ అంటారు. 1951లో స్టీఫెన్ క్లేనీ అనే అమెరికన్ గణితవేత్త నాడీజాలాల మీద రాస్తూ ఈ లెక్కకి శ్రీకారం చుట్టాడు. 1968లో కెన్ థాంప్సన్ దాంతో టెక్స్ట్ వెతికే పద్ధతి ప్రచురించాడు, ఎడిటర్‌లోకీ ఎక్కించాడు. నాడులతో మొదలైంది కాబట్టే కాబోలు, చివరికి నా నరాల మీదికొచ్చింది.

జాబితాలో బ్రాకెట్లలో నా సొంత గుర్తులున్నాయి. ప్రెస్సువాడి కంటపడకూడనివి. తెరిచే బ్రాకెట్, చుక్క, నక్షత్రం, మూసే బ్రాకెట్; బ్రాకెట్లకి ముందు వాలుగీతలు కూడా మర్చిపోలేదు. అన్నీ మాయం. హాయిగా పంపించేశాను.

ఒక లైనులో మాత్రం ఇద్దరున్నారు. మా తోడల్లుడు, పక్కన '(కారు అడగాలి)'. వెంటనే చిన్న వదినగారు, '(ఊరికే అలుగుతుంది)'. నక్షత్రానికి ఆశెక్కువ. మొదటి బ్రాకెట్ దగ్గర నోరు తెరిచి, లైనులో ఆఖరి బ్రాకెట్ దాకా మూయలేదు. మధ్యలో ఉన్న వదినగారు అందులో పోయారు. నక్షత్రం పక్కన ప్రశ్నార్థకం పెడితే మొదటి జంటతోనే ఆగేదట. ఆ సంగతి శుభలేఖలు పోస్టులో పడ్డాక తెలిసింది.

"మా అక్క పేరేదీ?" అంది మా ఆవిడ. ప్రశ్నార్థకం గురించి వివరించబోయాను. ఆవిడ ముఖంలోనే ఒకటి కనిపించి ఊరుకున్నాను.

మర్నాడు పండూ తాంబూలం, పట్టుచీర పట్టుకుని ఇద్దరం భీమవరం బస్సెక్కాం. బ్రాకెట్‌లో నేను రాసుకున్నదాంట్లో 'ఊరికే' అన్న మాట ఒక్కటే తప్పు.