చీర వంకాయ, ముక్క నేరేడు

ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రి తొమ్మిది. చెప్పులు విప్పకముందే మా ఆవిడ చీర చేతిలో పెట్టింది. "ఏమండీ, నార్సింగిలో మ్యాచింగ్ షాపు ఇంకా తీసే ఉంటుంది. జాకెట్టు ముక్క తెండి. అచ్చం ఇదే వంకాయ రంగు."

కొట్టు ఎల్ఈడీలతో పెళ్ళిపందిరిలా వెలిగిపోతోంది. కుర్రాడు పది తానులు దించి, ఓ ముక్క చీర మీద పరిచాడు. చీర ఎక్కడ ఆగిందో, ముక్క ఎక్కడ మొదలైందో పోల్చుకోలేకపోయాను. "కండ్లు మూసుకొని తీస్కపోండి సార్" అన్నాడు.

పొద్దున బాల్కనీలో చూస్తే చీర వంకాయ, ముక్క నేరేడు. కళ్ళు మూసుకుంటేనే కలుస్తాయని అతను ముందే చెప్పాడు, నాకే తలకెక్కలేదు.

ఇంజినీరుని కదా, సంజాయిషీ మొదలెట్టాను. "రంగు బట్ట ఒక్కదాన్లోనే ఉండదోయ్. మీద పడ్డ వెలుగులోంచి బట్ట ఏది తిప్పికొడితే అదే మనకి కనిపించేది. తెల్ల ఎల్ఈడీ అంటే లోపల నీలం చిప్పు, పైన పసుపు ఫాస్ఫర్ పూత. చౌకరకం వాటిలో ముదురు ఎరుపు పిసినారి పెట్టుపోతలంత. వంకాయలో దాగిన ఎరుపుని ఆ దీపం బయటపెట్టలేదు. రెండు అద్దకాలు ఒక దీపం కింద కవలల్లా, ఇంకో దాని కింద దాయాదుల్లా కనిపించడాన్ని మెటామెరిజం అంటారు."

"మా అమ్మ గడప దాటి ఎండలో చూడందే గుడ్డ కొనదు. దాన్నేమంటారు?"

జవాబు లేక 2015కి పారిపోయాను. ఆ ఏడు ఓ గౌను ఫొటో చూసి సగం లోకం నీలం-నలుపు అంది, సగం తెలుపు-బంగారం అంది. ఏ వెలుగులో తీశారో ఒక్కో బుర్ర ఒక్కో లెక్క వేసుకుంది. అసలు గౌను నీలం-నలుపే.

"దానికి జాకెట్టు ముక్క అక్కర్లేదుగా, వాళ్ళ అదృష్టం" అంది.

వెలుగుతో రంగు మార్చే విద్య కొట్లవాళ్ళకి బాగా తెలుసు. టమాటా బండి మీద ఎర్ర గొడుగు ఊరికే పెట్టరు.

ఆదివారం మిట్టమధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాను. చీరా, కొత్త ముక్కా పట్టుకుని దర్జాగా గడప దాటాను. రెండూ పాచి రంగులోకి తిరిగాయి! తలెత్తితే పక్కనే కడుతున్న టవర్, దాని ఆకుపచ్చ వల కొట్టు ముంగిట దాకా వాలి ఉంది. అసలైన ఎండ కోసం సర్వీసు రోడ్డు వైపు గబగబా నడిచాను.

వెనక కుర్రాడు పరుగు. "సార్, పైసలియ్యలే!"